గిడ్డీ అంటే...

మా చిన్న చెల్లి చిన్నప్పుడు... మా కొత్తగూడ చుట్టుపక్కల రోజూ బండలు పేల్చేవారు. కొత్త ఆఫీసుల కోసం. ఢామ్మనగానే గూట్లో ఇత్తడి చెంబులు గల్లుమనేవి...

మేం నలుగురం. నేను పెద్దదాన్ని, సుజాత ఆఖరిది. అప్పటికి నాది ఉద్యోగం, దానిది ఇంగ్లీషు మీడియంలో తొమ్మిదో తరగతి. ఒక పొద్దున గుమ్మం పట్టుకుని నిలబడి, "అక్కా, గిడ్డీగ ఉంది" అంది, బడిలో నేర్చుకున్న ఇంగ్లీషు మాటతో.

పీట మీదున్న నానమ్మ, తనను పొట్టిదంటోందనుకుని గయ్యిమంది. "ఎవర్నే గిడ్డి అంటున్నవ్? గిడ్డిదాన్నే... గాని మీ అయ్య అసుంటి తాడిచెట్టును కన్న!"

నవ్వి నవ్వి కళ్ళు తుడుచుకున్నాం. సుజాత కూడా... గుమ్మం మాత్రం వదల్లేదు.

బోనాల ఆదివారం, సుజాత గుడి ముందు ఎండలో ఊగి ఊగి మోకాళ్ళ మీద పడింది. "శిగమొచ్చింది!" అన్నారెవరో. అమ్మవారు ఒంటి మీదికొచ్చిందని కాళ్ళకు పసుపునీళ్ళు పోశారు. పక్కింటి యాదమ్మత్త మొక్కి, "తల్లీ, మా చెల్క భూమి ఇప్పుడే అమ్మాల్నా, జర ఆగాల్నా?" అని అడిగింది.

సుజాత అమ్మ చెయ్యి పట్టుకుంది. "అమ్మా, శిగం కాదే. తల తిరుగుతుంది. దవాఖానకు తోల్కపో."

"దేవతను దవాఖానకు తోల్కపోతరానే?" అంది నానమ్మ. అమ్మ గుడివైపు చూసింది... అంతే. ఇగ ప్రతి శుక్రవారం మా వాకిట్లో జనం, దాన్ని ప్రశ్నలడగడానికి.

బతుకమ్మ నాటికి దానికి ఒక కన్ను కనబడలేదు. అప్పుడు తీసుకెళ్ళాం. తలలో గడ్డ... ఆలస్యమైందన్నారు.

మళ్ళీ బోనాలకు అది లేదు.

మొన్న మా అమ్మాయి ఫోన్‌లో గిడ్డీ అన్న మాట వెతికి చదివింది. తల తిరగడం... నిలకడ లేకపోవడం... సంతోషం పట్టలేకపోవడం... ఇన్ని అర్థాలట. ఎప్పుడో పాతకాలంలో మాత్రం, దేవుడు పూనినవాళ్ళను అలా అనేవారట. పిచ్చివాళ్ళను కూడా. ఇంగ్లీషులో దేవుడన్న మాటలోంచే పుట్టిందట.

కాలం గడిచేసరికి అక్కడ దేవుడు ఆ మాటను వదిలిపోయాడు. ఒట్టి తల తిరుగుడు మిగిలింది. మా వాకిట్లో మాత్రం దేవుడు వదల్లేదు...

ఇప్పుడు కొత్తగూడలో ఆ బండలూ లేవు, మా వాకిలీ లేదు. ఫ్లైఓవర్. నేను మాత్రం రోజూ దీపం పెడతాను... ఏమీ అడగను.

మీ ఇళ్ళల్లో తల తిరిగితే ఏమనేవారు? రాయండి... మాట ఏదైనా సరే, గుమ్మం పట్టుకున్న చేతిని ఎవరైనా చూశారా?