పడవ ముక్కు దగ్గర చోటు

నాకు నీళ్ళంటే భయం లేదు గానీ, గంతులు వేసే బండి ఏదన్నా అంటే ఒళ్ళు మంట. అరవైల చివర్లో నేను రేపల్లెలో నర్సుగా ఉన్నప్పుడు మా ఆసుపత్రికి ఒక స్పీడు బోటు ఇచ్చారు. కృష్ణ మధ్యలో ఉన్న లంక ఊళ్ళకు సూదిమందు చేరవెయ్యడానికి అది. వెనక మోటారు, మోటారు దగ్గర తెనాలి నుంచి వచ్చిన డ్రైవరు. అంతకు ముందు అతను రైసు మిల్లుల్లో ఆయిలింజన్లు బాగుచేసేవాడు. గెడ పట్టుకోవడానికి బాపట్ల సముద్రం వైపు పడవలు నడిపిన ముసలి సరంగు ఒకాయన.

మొదటి రోజే ఆ సరంగు బోటు ముక్కుకు పసుపు రాసి కుంకుమ బొట్లు పెట్టాడు. అది గంగమ్మ చోటట, అక్కడ ఎవరూ కూర్చోకూడదట. తర్వాత నా వైపు చూడకుండా, "మీరు ఎనక కూచోండమ్మా" అన్నాడు. ఎందుకన్నాడో నాకు తెలుసు. నా భర్త పోయి అప్పటికి మూడేళ్ళు. పెళ్ళిళ్ళలో, పేరంటాల్లో వెనక కూర్చోవడం నాకు అలవాటైపోయింది, బోటులో కొత్తగా ఏడ్చేదేముంది? పోయి వెనక కూర్చున్నాను. మందుపెట్టె నా కాళ్ళ దగ్గర, పెట్రోలు డబ్బాలు డ్రైవరు కాళ్ళ దగ్గర సర్దారు.

ఆ ఏడు వరద తీశాక ఒక లంకలో కలరా తగులుకుంది. మందు సీసాల చుట్టూ ఐసు, ఐసు చుట్టూ ఊక కూరి బయల్దేరాం. నది మధ్యకు వచ్చి డ్రైవరు వేగం పెంచాడో లేదో, ముక్కు పైకి లేచింది, దబ్బున పడింది. మళ్ళీ లేచింది, మళ్ళీ పడింది. గాలి లేదు, అల లేదు, నీళ్ళు నున్నగా ఉన్నాయి. బోటు మాత్రం తాళం తప్పకుండా గంతులేస్తోంది. వేగం తగ్గిస్తే కుదురుగా ఉంటుంది, పెంచితే మొదలు. మెల్లగా పోతే ఐసు కరిగిపోతుంది, జోరుగా పోతే సీసాలు పగులుతాయి. ముందు నుయ్యి, వెనక గొయ్యి. జోరుగానే పోయాం. లంకలో దిగి మూత తీస్తే సగానికి పైగా సీసాలు పగిలి ఊకంతా తడిసిపోయి ఉంది.

మిగిలింది వరసలో సగం మందికే వచ్చింది. మందు అయిపోయేసరికి నా ముందు ఒకామె ఆడపిల్లను చంకనేసుకుని నిలబడి ఉంది. "పెద్దోడు మొన్న పోయాడమ్మా. దీనికన్నా ఎయ్యండి" అంది. నా చేతిలో ఖాళీ సీసా. రేపు పొద్దున్నే వస్తానని మాటిచ్చాను. ఆమె తల ఊపింది. నమ్మి ఊపిందని నేననుకోను.

ఆ సాయంత్రం డ్రైవరు ఇంజను మొత్తం ఊడదీసి బిగించాడు. "ప్లగ్గులు మార్చానండి, ఇక చూడండి" అన్నాడు. పొద్దున్న తెనాలి పాసింజరులో మందు వచ్చింది. మా డాక్టరుగారు పెట్టె నా చేతిలో పెట్టి, "ఇవీ పగిలితే మళ్ళీ ఎప్పుడొస్తాయో నాకు తెలీదమ్మా" అన్నారు. ఆ పెట్టెను ఒళ్ళో పెట్టుకుని కూర్చున్నాను. నది మధ్యలో బోటు మళ్ళీ మొదలెట్టింది. రెండో గంతుకే ఆపించేసి డ్రైవరును నోటికొచ్చినట్టు తిట్టాను. పాపం, అతను తలొంచుకుని మళ్ళీ రెంచి తీశాడు.

"ఇంజనుకేం రోగం లేదురా అబ్బాయ్" అన్నాడు సరంగు. అంతవరకూ ఆయన ఇంజను సంగతిలో నోరెత్తలేదు. "బరువంతా ఎనకుంది. ముక్కు లేస్తంది, నిలబడలేక పడతంది, పడ్డ ఊపుకి మళ్ళీ లేస్తంది."

పెట్రోలు డబ్బాలు ముందుకు జరిపారు. అప్పుడు డ్రైవరుకు వెలిగింది. మోటారు వంపు మార్చడానికి వెనక చెక్క దగ్గర వరసగా రంధ్రాలున్నాయి. మేకు తీసి, మోటారు బోటు వైపుకు వంగేలా పక్క రంధ్రంలో పెట్టాడు. మళ్ళీ పోనిచ్చి చూశాం. గంతులు చిన్నవయ్యాయి గానీ పోలేదు. సరంగు తనే పోయి ముందు కూర్చున్నాడు. ఆయన ఒంట్లో ఎముకలు తప్ప తూగేదేముంది? నేనప్పుడు బాగా ఒళ్ళున్న మనిషిని.

ఆయన లేచి నా దగ్గరకొచ్చాడు. "అమ్మా, మీరు ముందుకు రండి."

"అక్కడ నేను కూర్చోవచ్చా?" అన్నాను. కావాలనే అన్నాను.

"గంగమ్మ ఎప్పుడూ వద్దన్లేదమ్మా. వద్దన్నది నేను" అని ఆయన పెట్టె అందుకోవడానికి చేతులు చాచాడు.

పసుపు రాసిన ముక్కుకు వీపు ఆనించకుండా, నదికి ఎదురుగా తిరిగి కూర్చున్నాను. పెట్టె మళ్ళీ ఒళ్ళో పెట్టుకున్నాను. డ్రైవరు వేగం పెంచాడు. ముక్కు లేచింది. పళ్ళు బిగబట్టాను. అది కాస్త వంగింది, కుదురుకుంది, అంతే, ఇక కదల్లేదు. కింద నీళ్ళు సర్రుమంటున్నాయి, పెట్టెలో సీసా సీసాకు తగిలిన చప్పుడు లేదు. ఒక మేకు, రెండు డబ్బాలు, ఒక మనిషి. ఇంతటితో అంత పొగరుబోతు బోటు ఇస్త్రీ పెట్టె లాగా సాగిపోతోంది. కృష్ణ అంత వెడల్పని కూడా నాకప్పటిదాకా తెలీదు. అన్నేళ్ళూ ఎక్కడికి పోయినా నేను చూసింది ముందువాళ్ళ వీపులే.

లంకలో మూత తీశాను. ఒక్క సీసా పగల్లేదు, ఐసు సగం అలాగే ఉంది. మొదటి సూది ఆ చంకలోని పిల్లకే. కెవ్వుమని ఏడ్చింది. వాళ్ళమ్మ నా భుజం మీద తల పెట్టి దానికంటే ఎక్కువ ఏడ్చింది.

సాయంత్రం తిరుగుప్రయాణంలో అలవాటు చొప్పున వెనక్కి పోయి కూర్చున్నాను. సరంగు గెడ పట్టుకుని బోటు తొయ్యకుండా నిలబడ్డాడు.

"మీ చోటు అది కాదమ్మా" అన్నాడు.

పెట్టె ఖాళీ అయింది, ముందు బరువు కావాలి గనక అన్నాడేమో. నేను అడగలేదు. లేచి ముందుకు వెళ్ళాను.