దూడ మీద బేరం

బేరమాడి ఉద్యోగం పోగొట్టుకున్న ఫుట్‌బాల్ ఆటగాడు గోదావరిఖనిలో నేనొక్కణ్ణే. ఈ ఘనతలో ఎవరికీ వాటా ఇవ్వను.

ఎనభైల్లో గని జట్టుకు బాగా ఆడేవాళ్ళకు గనిలో పని దొరికేది. ఆ పని కోసమే మూడేళ్ళు ముందు వరసలో ఊరికే ఆడాను. చివరికి ఒక ఆఫీసరు మైదానానికే వచ్చి, సెలక్షన్ మ్యాచ్‌లో మెప్పిస్తే బొగ్గు నింపే పని ఇప్పిస్తానన్నాడు. కిరాణా కొట్టులో పెరిగినవాణ్ణి. మొదట చెప్పిన ధరకు ఒప్పుకోవడం మా ఇంట్లో పాపం. కిందికి దిగనని, పైన ఆఫీసులో పని అయితేనే ఆడతానని అన్నాను. ఇలాంటి కాళ్ళు బొగ్గులో పాడుచేసుకోవడానికి కావని కూడా అన్నాను. పక్కనే మా కెప్టెన్ బూట్ల తాళ్ళు కట్టుకుంటున్నాడు. మొదటి షిఫ్టు చేసి అప్పుడే పైకొచ్చిన మనిషి, చెవుల్లో ఇంకా నలుపు పోలేదు.

"మా కాళ్లేమన్న కట్టెకాళ్లా, సేటు?" అన్నాడు.

ఆ మ్యాచ్‌లో మావాళ్ళు ఒక్కరూ నాకు బంతి ఇవ్వలేదు. బస్సు తప్పిపోయినవాడిలా చేతులూపుతూ మైదానమంతా పరిగెత్తాను. బంతి ముట్టనివాణ్ణి ఆఫీసరు మాత్రం ఏం చేసుకుంటాడు? పని ఇంకొకడికి పోయింది. మా బాపు నన్ను పశువైద్యం చదవమని పంపాడు. మనుషుల వైద్యానికి మార్కులు చాలలేదు. అక్కడ బేరం నడవదు.

తొంభైల్లో పశువుల డాక్టరునై మళ్ళీ అక్కడికే వచ్చాను. ఒక ఎండాకాలం పొద్దున కెప్టెన్ దవాఖాన గడప దగ్గర నిలబడ్డాడు. అతని బర్రె ఈనలేక పడిపోయింది. అతని సైకిల్ వెనక కూర్చుని క్వార్టర్‌కు వెళ్ళాను.

చెయ్యి పెట్టి చూస్తే దూడ తల వెనక్కి మడతపడి ఉంది. ముందుకాళ్ళకు తాడు వేసి కొస అతని చేతికిచ్చాను. మళ్ళీ భుజం దాకా చెయ్యి పెట్టి మూతి పట్టుకున్నాను. ఇక తిప్పడమే. అక్కడ చెయ్యి ఆపాను.

"ఆనాడు కావాలనే నాకు బంతి ఇయ్యలే. ఒప్పుకో, అన్నా."

"ముందుగాల దూడను తియ్యి."

"ఒప్పుకుంటే తీస్త."

బర్రె మూలిగింది. బేరంలో తొందరపడ్డవాడు ఓడతాడని మా బాపు నేర్పాడు. నేను తొందరపడలేదు. అతను తాడు చేతికి చుట్టుకుని నన్నే చూస్తూ చాలాసేపు నిలబడ్డాడు. చివరికి బర్రె మెడ వాల్చేసరికి నోరు విప్పాడు.

"ఇయ్యలే. నేనే ఇయ్యద్దన్న. గని దిగుడు నామోషీ అన్నోనికి బంతి మోసుకొచ్చి ఇయ్యాల్నా? అంతకుముందు మూడేండ్లు ఇచ్చినం గద. ఎన్ని గోల్స్ కొట్టినవ్?"

రెండు. అందులో ఒకటి ఎదుటి జట్టువాడి మోకాలికి తగిలి లోపలికి పోయింది.

తల తిప్పి, ఇద్దరం కలిసి లాగాం. బర్రె బతికింది. దూడలో ఊపిరి లేదు. నిన్ననే కడుపులో చనిపోయి ఉంటుందని చెప్పాను. అతను దాని ముక్కులో గడ్డిపరక పెట్టి చూశాడు, వెనక కాళ్ళు పట్టి తలకిందులుగా ఊపాడు, తర్వాత గోనెసంచి కప్పాడు. నా చేతుల మీద నీళ్ళు పోస్తూ, "సదువుకున్నోళ్లు. మీరంటే నిజమే అయితది, డాక్టర్ సాబ్" అన్నాడు.

నిజం లెక్క ఇది. మొదటిసారి చెయ్యి పెట్టినప్పుడు, బతికుందో లేదో తెలుసుకోవడానికి దూడ నోట్లో వేలు పెట్టాను. అది చప్పరించింది.