ఎవరూ ముట్టని హాట్‌డిష్

మా అమ్మమ్మ ఆర్డిస్ వాన్‌బీక్ కళ్లెర్రజేస్తే సౌత్ డకోటా మంచు తుఫాను తోక ముడిచి నెబ్రాస్కా మీద పడుతుంది. అంతటి మనిషి రాష్ట్ర శాసనసభ సీటు కోసం రిపబ్లికన్ పార్టీ టికెట్ ఎవరికో తేల్చే ఓటింగులో పోటీకి దిగి, మొన్న జూన్‌లో డ్వేన్ క్లాసెన్ చేతిలో ఓడిపోయింది. మావైపు ఆ టికెట్ దొరికితే సీటు దొరికినట్టే. డ్వేన్ ఎరువుల వ్యాపారి. ఆయన ప్రసంగం వింటే ఆవులు నిలబడే నిద్రపోతాయి.

అమ్మమ్మ ప్రతి జనవరిలో, ముక్కు గడ్డకట్టే చలిలో, అబార్షన్ వద్దని అట్ట పట్టుకుని ఊరేగింపులో నడుస్తుంది. దిక్కులేని తల్లుల పిల్లలకు టోపీలు అల్లుతుంది. అన్నీ వంకరే. ఆ టోపీలకు సరిపోయే బుర్ర ఇంకా పుట్టలేదు.

చర్చి హాల్లో అభ్యర్థుల సభ జరిగింది. పాస్టర్ గారు డ్వేన్‌ను కంకర రోడ్ల గురించి అడిగారు. తర్వాత అమ్మమ్మవైపు తిరిగారు.

"మన రాష్ట్రంలో ఉన్న అబార్షన్ నిషేధాన్ని ఒక్క అంగుళం కూడా సడలించకూడదంటావు, అంతే కదా ఆర్డిస్?"

ఆ మాట డ్వేన్‌ను ఎవరూ అడగలేదు.

"తల్లి చావు అంచుకు చేరేదాకా డాక్టరు వకీలుతో ఫోన్‌లో మాట్లాడుతూ కూర్చోవాలా? అక్కడ సడలించాల్సిందే" అంది అమ్మమ్మ.

ఆమె ఎందుకలా అందో నాకు తెలుసు. నా తర్వాత మా అమ్మ కార్లాకు మళ్లీ కడుపు వచ్చింది. అయిదో నెలలో ఉమ్మనీరు పోయి, జ్వరంతో ఒళ్లు కాలిపోయింది. కడుపు తీసేయకపోతే మనిషి దక్కదంది డాక్టరమ్మ. నిషేధం రాకముందు మాట అది. అమ్మమ్మ ఆసుపత్రి వరండాలో మోకరిల్లి ఏడ్చి, సరే అంది.

మా చర్చిలో ఎవరూ ఎవరినీ తిట్టరు. నచ్చనివాళ్లు వండి తెచ్చిన గిన్నె ముట్టుకోరు, అంతే. సభ తర్వాత భోజనాల్లో అమ్మమ్మ తెచ్చిన హాట్‌డిష్, అదే మాంసం, కూరగాయలు కలిపి ఓవెన్‌లో కాల్చిన వంటకం, దాని మీద పరిచిన ఆలుగడ్డ ముక్క ఒక్కటి కూడా కదలలేదు.

"ఈమధ్య మాంసం అరగడం లేదు ఆర్డిస్" అంది ఆమె చిన్ననాటి స్నేహితురాలు మార్లిస్.

"నీ పళ్లెంలో ఆ సాసేజీలు ఏ చెట్టుకు కాశాయే?" అంది అమ్మమ్మ.

వారమంతా ఇంట్లో మాకదే తిండి.

అబార్షన్ హక్కు ఉండాలనే అవతలి పార్టీ ఆవిడ ఒకరు ఫోన్ చేసి, "మొత్తానికి మావైపు వచ్చారు, సంతోషం" అంది.

"నేనెక్కడికీ రాలేదమ్మా, నా వంటింట్లోనే ఉన్నాను" అని పెట్టేసింది అమ్మమ్మ.

పాస్టర్ గారు ఇంటికొచ్చి ఒక దారి చూపించారు. "ఆదివారం లేచి, నా మాట సరిగా రాలేదు, క్షమించండి అను. అంతా సర్దుకుంటుంది."

ఆదివారం అమ్మమ్మ మంచి కోటు వేసుకుని లేచింది.

"మొన్న నా మాట సరిగానే వచ్చింది. మీరూ సరిగానే విన్నారు" అని కూర్చుంది.

మర్నాటి నుంచి ఊళ్లోవాళ్ల ముంగిళ్లలో ఆమె పేరున్న ప్రచార బోర్డులు ఒక్కొక్కటే మాయమయ్యాయి.

ఓడిన మర్నాడు నేను ఊరుకోలేక, "ఒక్క క్షమాపణ పారేస్తే ఆ కుర్చీ నీదే కదా అమ్మమ్మా?" అన్నాను.

"మీ అమ్మ బతికినందుకు క్షమాపణ చెప్పమంటావటే, దద్దమ్మా?" అంది.