చిన్న కారు కొలత

పద్నాలుగేళ్లుగా మా కాలనీ పార్కింగ్ గొడవలన్నీ డ్రాయింగు మాస్టారి నెత్తినే. ఆయన రిటైరైన మర్నాడే సంఘం వాళ్లు పట్టుకుని, "మీ చెయ్యి తిన్నగా ఉంటుంది కదా మాస్టారూ, పార్కింగ్ గీతలు మీరే గీసిపెట్టండి" అన్నారు. ఆ ఒక్క మాటకే ఉబ్బిపోయి, తన బుల్లి కారును కొలతగా పెట్టుకుని, తాడు లాగి నలభై గళ్లు గీశారు. తాడు రెండో కొస పట్టుకున్నది నేనే.

ఇప్పుడు ఎవరింట చూసినా ఏనుగంత కార్లు. గడిలో సరిగ్గా ఇమిడేది మాస్టారి కారొక్కటే. తెల్లారితే చాలు, తలుపులు తెరుచుకోక అరుపులు. మాస్టారు ఈసురోమంటూ "గీత దాటరాదు" అని చీటీలు రాసి అద్దాలకు అంటిస్తూనే ఉంటారు. తప్పు కొలతదని ఏ మీటింగులోనూ నోరు విప్పలేదు. నేనూ విప్పలేదు.

నిన్న సాయంత్రం, కొత్తగా దిగిన నర్సమ్మ డ్యూటీ నుంచి వచ్చి కారు గడిలో పెట్టింది. అటూ ఇటూ కార్లు. తలుపు జానెడు కూడా తెరుచుకోలేదు. నాతో కలిసి చీటీలతో వెళుతున్న మాస్టారిని చూసి కిటికీ అద్దం దించింది.

"బాబాయ్ గారూ, ఈ గీతలు గీసిన మహానుభావుడెవరండీ?"

మాస్టారు ఒకసారి నా వైపు చూశారు.

"పోయాడమ్మా," అంటూ డిక్కీ తలుపెత్తి చెయ్యి అందించారు. "ఇలా వెనకనుంచి దిగు. ఇక్కడందరూ ఇలాగే దిగుతారు."

"అయ్యో పాపం" అన్నట్టు నేనూ తలూపాను.