పసుపు కడిగిన రాయి

టేకులపల్లి దాటాక ఒక అడవి గూడెంలో ఆ రోజు నేను చేసిన తప్పుతోనే మొదలుపెడతాను. ఫోటో కోసం ఒక రాయిని కడిగాను.

పాతవాటిని కాపాడినవాళ్ళను ఖమ్మం పట్టణం ఆ ఏడు సత్కరించాలనుకుంది. పూడిపోయిన మెట్లబావిని బాగుచేసిన గల్లీవాళ్ళతో పాటు, వీరుడి గుర్తుగా నిలిపిన ఒక వీరగల్లును తరాలుగా చూసుకుంటున్న ముత్తమ్మ కుటుంబాన్నీ ఎంపిక చేశారు. సభలో పెట్టడానికి ఫోటోలు తెచ్చే పని కమిటీలో నాది.

పొద్దున ఏడింటికి ఖమ్మంలో ఇల్లందు మీదుగా కొత్తగూడెం పోయే బస్సెక్కాను. పక్క సీట్లో ఇల్లందు వెళ్తున్న నర్సమ్మ నా కెమెరా చూసి ఎక్కడికని అడిగింది. చెప్పాను.

"రాళ్ళకు గూడ సన్మానమా సార్! దవాఖానల ఇన్నేండ్ల సంది సూదులేస్తున్న, నాకొక్క శాలువా కప్పినోడు లేడు."

ఇల్లందులో ఆమె దిగిపోయింది. బస్సు ఆగినప్పుడు ఇడ్లీ తిన్నాను. టేకులపల్లిలో దిగి, జీపులో పదిమందితో ఇరుక్కుని గూడెం చేరేసరికి పదకొండు దాటింది. ఆ దారిలో హోటళ్ళు లేవు. వెళ్ళేవాళ్ళు నీళ్ళు వెంట తీసుకెళ్ళాలి. తాగడానికే.

ముత్తమ్మ కొడుకు సోమయ్య నన్ను రాయి దగ్గరికి తీసుకెళ్ళి, తల్లిని పిలుచుకొస్తానని పోయాడు. సభకని కొత్త చొక్కా కుట్టించుకున్నానని దారిలోనే చెప్పాడు. రాయి నడుమెత్తు ఉంది. పసుపు అట్టకట్టి, చెక్కడం ఆనవాలు కూడా తెలియలేదు. ఇలా తీస్తే ఖమ్మంలో ఎవరికి ఏం కనిపిస్తుంది అనుకున్నాను. సీసాలో నీళ్ళు పోసి, పుల్లతో గోకి, రుమాలుతో తుడిచాను. గుర్రం బయటపడింది, పైన కత్తి ఎత్తిన మనిషి. ఉత్సాహంగా ఫోటోలు తీశాను.

వెనక నుంచి ముత్తమ్మ గొంతు వినిపించింది.

"ఏంది సారూ, పెద్దాయన్ను గిట్ల బోడిజేసినవ్?"

"బొమ్మ కనపడాలని కడిగానమ్మా."

"నేను పూసిన దాని కింద మా అత్త పూసింది ఉండె. ఆమె కింద ఆమె అత్త. నువ్వు గోకింది గదే."

ఆమె కింద పడిన పసుపు పెళ్ళలను కొంగులోకి ఏరుకుంటుంటే నేను రుమాలు జేబులో దాచుకున్నాను. మళ్ళీ పూయమని అడిగాను. సోమయ్య తల అడ్డంగా ఊపాడు.

"విత్తనాల పండుగనాడే పూస్తం సార్. నడుమ ముట్టుకోం. గప్పటిదాక అమ్మ ఖమ్మం రాదు. అమ్మ రాకుంటే నేనెట్ల వస్త?"

"మేం శాలువాలు కప్పుకొని కూసుంటే ఆయన ఉత్తగ నిలబడాల్నా?" అంది ముత్తమ్మ.

నేనేం చేయాలని అడిగాను.

"పండుగకు పసుపు కొమ్ములు పట్టుకరా. పొడి తేకు. దంచుడు నీది, పూసుడు మాది."

తిరుగు బస్సులో కిటికీ పక్కన కూర్చున్నా బయటికి చూడలేదు. కాపాడినవాళ్ళను సన్మానించడానికి వెళ్ళి, వాళ్ళు కాపాడినదాన్నే చెరిపాను.

మర్నాడు కమిటీలో జరిగింది జరిగినట్టు చెప్పాను. ఆ కుటుంబం సన్మానం పండుగనాడు గూడెంలోనే జరపాలని అడిగాను. "నువ్వు కడిగితే మేమందరం అడవికి రావాల్నా?" అని ఒకాయన విసుక్కున్నాడు. రావాలన్నాను. సభ పనికి అక్కడికొచ్చిన మెట్లబావి గల్లీవాళ్ళు ముందు ఒప్పుకున్నారు. ఆ తర్వాత మిగతావాళ్ళు కాదనలేకపోయారు.

ఎండాకాలం చివర, పండుగకు ముందు రోజే కొమ్ములతో వెళ్ళాను. తెల్లవారింది మొదలు దంచాను. "మా కోడలే నయం, నీ కన్న జల్దీ దంచుతది" అని ముత్తమ్మ అంటుంటే ఆడవాళ్ళు నవ్వారు. ముందు ఆమె దాచిన పాత పెళ్ళలను నూరి రాయికి పూసింది, దానిమీద నేను దంచింది. ఖమ్మంవాళ్ళు ఇచ్చిన శాలువాను మొదట రాయికి చుట్టి, తర్వాత తాను కప్పుకుంది. కొత్త చొక్కాలో సోమయ్య పక్కన నిలబడ్డాడు. అప్పుడు అడిగి ఫోటో తీశాను. మొదటిసారి తీసిన ఫిల్మ్ రీలు సోమయ్య చేతికిచ్చేశాను.

తిరుగు ప్రయాణంలో కండక్టర్ నా చేతులు చూశాడు.

"పెండ్లికి పోయొస్తున్నరా సార్?"

"పసుపు దంచడానికి."

ఖమ్మం సభామందిరంలో ఇప్పుడున్నది ఆ రెండో ఫోటోనే. చూసేవాళ్ళు బొమ్మ ఏదని అడుగుతుంటారు. పసుపు కింద ఉందని చెబుతాను.