అజేలియా కొమ్మలు, వెనకింటి మేక

“పెద్దమ్మగారూ, నా మేకకేం పెట్టారో చెప్పండి. నోట్లోంచి నురగ కారుతోంది, కాళ్ళు నిలవట్లేదు.”

“నేనేం పెడతాను? ఊరంతా తిరిగి ఏ ప్లాస్టిక్ కవరో మింగి ఉంటుంది.”

“ఊరంతా ఎక్కడ తిరిగిందండీ? ఈనిన దగ్గర్నుంచీ గుంజ దాటలేదు. పది రోజుల పిల్లలు రెండున్నాయండీ దానికి!”

“అయితే ఆ గుంజనే అడుగు.”

గోడకి అటు వెనకింటావిడ, ఇటు నేను. ఇది జరిగి ఏడాది కావస్తోంది. నిన్న వసారాలో అజేలియా కొమ్మ చివర మొగ్గ కనిపించేసరికి ఆ మాటలు మళ్ళీ చెవిన పడ్డాయి. అందులో నావి రెండు. మొదటిది అబద్ధం, రెండోది పొగరు.

ఆ మొక్కని తెచ్చింది మా చిన్నకోడలు. ఊటీ వెళ్ళినవాళ్ళు నీలగిరి తైలమో చాక్లెట్లో తెస్తారు. ఈవిడ ఒళ్ళో కుండీ పెట్టుకుని రైల్లో బందరు దాకా వచ్చింది. “తినడానికా, తల్లో పెట్టుకోవడానికా?” అని అడిగాను. “చూడ్డానికత్తయ్యా” అంది. చూడ్డానికొక మొక్కా! మా దొడ్లో కరివేపాకు, మునగ, గోంగూర, ఏదీ ఊరికే నిలబడదు. కోడలు బోరు నీళ్ళు పోసింది. నెల తిరక్కుండా ఆకుల అంచులు మాడిపోయాయి. నేను పుట్టింది దివిసీమలో. ఉప్పునీటికి మాడిన ఆకు ఎలా ఉంటుందో ఫోను చూసి తెలుసుకోవలసిన పని నాకు లేదు. చదివింది మూడో తరగతే అయినా ఆ మాత్రం తెలుసు. ఆ రోజునుంచి డాబా మీది వాననీళ్ళు డ్రమ్ములో పట్టి, అవే పోశాను. దానికి పుల్లటి మట్టి కావాలట, కొండల మీద పైన్ ఆకులు కప్పుతారట అని కోడలు చదివి చెప్పింది. పైన్ ఆకులు నేనెక్కడ తేను? మంగినపూడి వెళ్ళినప్పుడు సరుగుడు చెట్ల కింద రాలిన సూదుల్లాంటి ఆకులు సంచీడు ఏరుకొచ్చి, కొబ్బరిపొట్టుతో కలిపి మాగబెట్టి కుండీ నింపాను. పొద్దుటి ఎండ మాత్రమే తగిలేలా తూర్పు వసారాలో పెట్టాను. మాఘమాసంలో ఆకు కనబడకుండా పూసింది. ఎవరూ లేనప్పుడు ఎదురుగా కుర్చీ వేసుకుని చూసేదాన్ని. కోడలి అడుగుల చప్పుడైతే, బియ్యంలో రాళ్ళు ఏరుతున్నట్టు చేట ఒళ్ళోకి లాక్కునేదాన్ని.

పూలు రాలగానే దాని కొమ్మలు కత్తిరించాలి. ఆలస్యం చేస్తే పై ఏడు మొగ్గ ఉండదు. కత్తిరించాను. పళ్ళెంనిండా పచ్చటి లేత ఆకు వచ్చింది. పచ్చనిదేదీ చెత్తబుట్టలో వేసే అలవాటు నాకు లేదు. కూరల తొక్కలు, బచ్చలి కాడలు, అరటి డొప్పలు, అన్నీ వెనకగోడ మీంచి ఆ మేకకే. కోడలు చూసి కంగారుపడింది. “అత్తయ్యా, దీని ఆకు విషమట. మేకలకి అస్సలు పెట్టకూడదట” అంది. “గన్నేరు విషం కాదూ? ఏ మేకైనా ముట్టుకుంటుందా? దానికి పడనిది అదే మానేస్తుంది. నీ ఫోనుకంటే మేకకి ఎక్కువ తెలుసు” అన్నాను. కోడలు స్నానానికి వెళ్ళగానే పళ్ళెం గోడ అవతల బోర్లించాను. మేక ఆబగా తింది. చూశావా, అనుకున్నాను. అది కట్టేసిన బాలింత మేక, రోజూ నా చేతి మేత తిన్న మేక. అది ఆకుని చూడలేదు, చేతిని చూసింది.

సాయంత్రానికి గోడ దగ్గర ఆ గొడవ. గంట గడిచాక పశువుల డాక్టరుగారొచ్చారు. నేనూ కోడలూ కూడా వెళ్ళాం. మేక పడుకుని పళ్ళు కొరుకుతోంది. పిల్లలు రెండూ దాని పొట్ట దగ్గర అరుస్తున్నాయి. “ఏం తిందో తెలియకుండా ఏం మందివ్వనమ్మా?” అన్నారాయన. కోడలు నా వంక చూసింది. మా పిల్లలు పంచదార డబ్బాలో చెయ్యిపెట్టి బొంకితే చెవి మెలేసినదాన్ని. పాలవాడు నీళ్ళు కలిపితే వీధంతా వినబడేలా దులిపేసినదాన్ని. అలాంటి నా నోట్లోంచి అబద్ధం అంత తేలిగ్గా, నాలుకైనా తడబడకుండా ఎలా వచ్చింది? డెబ్బై ఏళ్ళుగా నాలో కాపురముండి ఒక్కనాడూ అద్దె కట్టని మనిషెవరో చటుక్కున బయటికొచ్చి నిలబడినట్టయింది.

“నేనే పెట్టానండీ. అజేలియా ఆకులు. పళ్ళెంనిండా” అన్నాను.

వెనకింటావిడ తిట్టలేదు. “ఇందాకే చెప్పుంటే గంట కలిసొచ్చేది కదండీ” అంది, అంతే. డాక్టరుగారు బొగ్గుపొడి నీళ్ళలో కలిపి గొట్టంతో పట్టి, సూది వేశారు. “పిల్లల్ని రెండ్రోజులు పాలకి వదలొద్దు. తల్లి సంగతి పొద్దున్న గానీ చెప్పలేను” అని వెళ్ళిపోయారు.

మర్నాడు తెల్లారేసరికి మేక లేచి నిలబడింది. కాళ్ళు వణుకుతున్నా కుడితి రెండు గుక్కలు తాగింది. నేను ఆవుపాలు కాచి చల్లార్చి, సీసాలో పోసుకుని, వీధి చుట్టూ తిరిగి వెళ్ళి వాళ్ళ తలుపు కొట్టాను. ఆవిడ తీసి, సీసా అందుకుంది. ఎప్పుడెళ్ళినా “కూర్చోండి పెద్దమ్మగారూ” అనే మనిషి ఆ పూట అనలేదు. తలుపు దగ్గరగా వేసుకుంది. లోపల పిల్లలు పాలు చీకుతున్న చప్పుడు విని ఇంటికొచ్చేశాను. నేను పోగొట్టిన ఆ గంటని మేక ఎలాగో దాటేసింది, నేనింకా దాటలేదు.