నల్ల డబ్బా నా ఆలోచనే

మా ఫ్యాక్టరీలో హోటళ్ళకు పార్సిల్ డబ్బాలు తయారవుతాయి. అచ్చులోంచి ఊడిపడిన డబ్బాను అటూ ఇటూ తిప్పి, అంచు వంగిందా, మూత పట్టిందా, మచ్చలున్నాయా అని చూడటం నా పని. పెళ్ళికి ముందునుంచీ అదే ఉద్యోగం. ఇప్పుడు కొత్త మనిషెవరైనా ఎదురైతే ముందు తలవైపే చూస్తాను, మూత సరిగ్గా కూర్చుందా అని. బట్టతలవాళ్ళను చూస్తే చెయ్యి తిరస్కరణ ముద్ర కోసం వెతుక్కుంటుంది.

ఇలాంటి నాకు పర్యావరణ పిచ్చి పట్టించింది మా పై పోర్షన్ లెక్చరరుగారు. మెట్లకింద చెత్త పేరుకుపోయిందని ఒక ఆదివారం అద్దెకున్నవాళ్ళందరం గుమిగూడితే, ఆయన నావైపు తిరిగి నవ్వుతూ అన్నారు.

"మీరు తయారుచేస్తారు, మేం పారేస్తాం. మధ్యలో మేమెందుకండీ? మీరే నేరుగా పారేస్తే పోలా?"

అందరూ నవ్వారు. నేనూ నవ్వాను. ఇంట్లోకి వచ్చాక మాత్రం అన్నం సయించలేదు. మర్నాడే చెత్త వేరుచేయడానికి మూడు రంగుల బకెట్లు కొనుక్కొచ్చాను. మూడూ ప్లాస్టిక్‌వే. ఆ సంగతి మా ఆవిడ చెప్పేదాకా నాకు తట్టలేదు.

జిడ్డు డబ్బాలు రీసైక్లింగ్‌కు పనికిరావని ఎక్కడో విన్నాను. అంతే, గీజర్ నా చేతికొచ్చింది. ప్రతి డబ్బాకూ వేణ్ణీళ్ళు, సబ్బు, బ్రష్షు, ఆపైన పొడిగుడ్డ. మా దగ్గరే ఉండే మా అత్తగారు భుజాన తువ్వాలుతో బాత్రూం గుమ్మంలో నిలబడి ఎదురుచూసేవారు.

"అల్లుడుగారూ, ఆ ఐస్‌క్రీం డబ్బాకి స్నానం అయిపోతే ఓ మాట చెప్పండి. ఆ తర్వాత నేను పోసుకుంటా."

"భూమి గురించి కూడా కాస్త ఆలోచించాలి కదండీ అత్తయ్యగారూ!"

"ఆలోచిస్తూనే ఉన్నా నాయనా. మీరు ఒలకబోసే నీళ్ళన్నీ దాంట్లోంచే కదా వస్తున్నాయి!"

నేను కుళాయి ఇంకాస్త తిప్పాను.

ఇంటితో ఆగితే బాగుండేది. మెట్లమీద ఎవరు కనపడినా ఆపి ఉపన్యాసం ఇచ్చేవాణ్ణి. కడగని డబ్బా ఎవరిదో కనిపెట్టి, వాళ్ళ బెల్లు కొట్టి మరీ తిరిగి ఇచ్చేవాణ్ణి. 'డబ్బాల మాస్టారు' అని పేరుపెట్టారు. నేను పైకి వెళ్తుంటే తలుపులు ఒక్కొక్కటే మూసుకునేవి. చెత్త బండి రాని వారాల్లో కడిగిన డబ్బాల సంచీ స్కూటర్‌మీద పెట్టుకుని ఊరి అవతలున్న చెత్త వేరుచేసే షెడ్డుకు నేనే తీసుకెళ్ళేవాణ్ణి. ఒకసారైతే ఒక్క సీసా కోసం వెళ్ళొచ్చాను.

"ఆ సీసా ఖరీదు కంటే పెట్రోలు ఖర్చే ఎక్కువయింది" అంది మా ఆవిడ.

"ముఖ్యం సీసా కాదు, సిద్ధాంతం" అన్నాను. ఆ మాట అన్నందుకు ఇప్పటికీ సిగ్గేస్తుంది.

షెడ్డు సూపర్‌వైజరు ఒక నడివయసు ఆవిడ. నేను తరచూ రావడం చూసి, "గేటు దగ్గరే ఇచ్చి వెళ్ళిపోతారేంటండీ? ఓసారి ఇంట్లోవాళ్ళని తీసుకుని లోపలికి రండి, చూపిస్తాను" అంది. నాకేదో సన్మానం జరగబోతున్నట్టు ఇస్త్రీ చొక్కా వేసుకుని బయలుదేరాను. మా ఆవిడను వెంటబెట్టుకున్నాను. కళ్ళారా చూస్తారని లెక్చరరుగారిని కూడా బతిమాలి తీసుకెళ్ళాను.

నా సంచీలోని సరుకే బెల్టుమీద పోశారు. పైనుంచి దీపం కాంతి పడుతోంది. మిషన్ ఒక్కొక్క వస్తువును పోల్చుకోగానే బుస్సుమని గాలి కొడుతోంది, అది ఎగిరి తన తొట్టిలో పడుతోంది. "అదిగో, అది నాదే!" అని నేను వేలుపెట్టి చూపిస్తున్నాను. ఇంతలో నల్ల పార్సిల్ డబ్బాలు వచ్చాయి. అద్దంలా మెరుస్తున్నాయి. దీపం కిందనుంచి వెళ్ళాయి. గాలి లేదు, చప్పుడు లేదు. బెల్టు చివరిదాకా వెళ్ళి ధబ్బున పనికిరాని కుప్పలో పడ్డాయి.

"పొరపాటయినట్టుంది, మళ్ళీ వేయించండి" అన్నాను.

"పొరపాటు కాదండీ. వెలుతురు తగిలి తిరిగొస్తేనే ఈ మిషన్‌కి అదేం ప్లాస్టిక్కో తెలుస్తుంది. ఈ నలుపు వెలుతురంతా మింగేస్తుంది. అందుకే ఇవి చెత్తతోపాటు కాల్చేయడానికి పోతాయి."

"నేను వేణ్ణీళ్ళతో కడిగానండీ!"

"అయ్యో!" ఆవిడ నిజంగానే జాలిపడింది. "ఎంత కడిగినా మిషన్‌కి కనపడాలి కదండీ. అసలు డబ్బాలకి నల్లరంగు వేయాలని ఏ మహానుభావుడికి తట్టిందో!"

నేను షెడ్డు పైకప్పు రేకులను పరీక్షించడం మొదలుపెట్టాను.

"ఈయనకేనండీ" అంది మా ఆవిడ.

కాదనడానికి లేదు. ఫ్యాక్టరీలో తుక్కు మళ్ళీ కరిగించి కలపడం మొదలెట్టాక తెల్ల డబ్బాల్లో మచ్చలు వచ్చాయి. హోటళ్ళవాళ్ళు వెనక్కి పంపేవారు. "నల్లరంగు కలిపేస్తే మచ్చ కనపడదు కదా సార్" అని సలహా ఇచ్చింది నేనే. మేనేజరు భుజం తట్టి ఒక గోడ గడియారం బహుమతిగా ఇచ్చారు. ఇంటికొచ్చిన చుట్టాలందరికీ నేనే ఆ కథ చెప్పేవాణ్ణి. మా ఆవిడకు కంఠతా వచ్చు. అక్కడ మొత్తం అప్పజెప్పింది. లెక్చరరుగారు నవ్వీ నవ్వీ పొలమారి కుర్చీ అడిగారు.

"అయితే ఇదంతా దండగేనంటారా?" అన్నాను నీరసంగా.

"అలా అనకండి. ఇనుము, అల్యూమినియం, గాజు, అట్టలు చాలావరకు పనికొస్తాయి. కొత్తగా తవ్వి తీయడం కంటే ఎంతో నయం. ప్లాస్టిక్‌తోనే చిక్కు. కొన్ని బాగుపడతాయి, కొన్ని పడవు. అసలు పుట్టని డబ్బా అయితే అందరికీ సుఖం" అంది ఆవిడ.

ఫ్యాక్టరీకి వెళ్ళి రంగు ఆపేద్దామన్నాను. "మరి మచ్చలో?" అన్నారు మేనేజరు. "కనపడనివ్వండి సార్." నాకు జ్వరమేమోనని ఆయన నుదుటిమీద చెయ్యి పెట్టి చూశారు. వెంటపడగా వెంటపడగా ఒక్క హోటలుకు మాత్రం రంగులేని డబ్బాలు పంపడానికి ఒప్పుకున్నారు. జన్మంతా మచ్చలు ఏరిన నేను, మచ్చల డబ్బాలమీద కళ్ళు మూసుకుని 'సరే' ముద్ర వేశాను. ఆ హోటలువాళ్ళు ఇప్పటికీ అవే తీసుకుంటున్నారు. మిగతా అందరికీ నలుపే వెళ్తోంది.

ఇక కనీసం నా వంతుగా స్టీలు క్యారియర్ పట్టుకుని మా వీధి చివరి హోటలుకు వెళ్ళాను. కౌంటరాయన కూర నల్ల డబ్బాలో తెచ్చి, దాన్ని నా గిన్నెలో వంపి, డబ్బా చెత్తబుట్టలో పడేశాడు. "శుభ్రంగా ఉండాలి కదా సార్!" అన్నాడు. రెండోసారి వంటింటి కిటికీ దగ్గరే కాపలా నిలబడి గిన్నెలోనే వేయించుకున్నాను.

కానీ క్యారియర్ మోయాలి, వరసలో నిలబడాలి, వచ్చాక మళ్ళీ కడుక్కోవాలి. అంత ఓపిక నాకెక్కడిది? నెమ్మదిగా హోటలుకు వెళ్ళడమే మానేశాను. ఇంట్లో ఏదుంటే అది తింటున్నాం. డబ్బాలు రావడం దాదాపు ఆగిపోయింది. భూమి కోసం మా ఆయన నోరు కట్టేసుకున్నారని మా ఆవిడ అందరికీ చెబుతోంది. బద్ధకమని చెప్పడానికి నాకు నోరు రావడం లేదు.